అనిపించింది సరే, దేవుడు ఏమన్నాడు? భావాల మీద కాకుండా దేవుని జ్ఞానం మీద రోజు గడపడం ఎలా

రోజుకి ఎన్నిసార్లు "అనిపించింది" అంటామో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ప్రార్థన చేయాలనిపించలేదు. ఫలానా మనిషితో మాట్లాడాలనిపించలేదు. ఈ ఉద్యోగం దేవుడే చూపించాడనిపిస్తోంది. దేవుడు నాకు దూరమైపోయాడనిపిస్తోంది. ఈ మాటలో ఒక సౌకర్యం ఉంది, గమనించారా? నేను అనుకోలేదు, నాకు అనిపించింది, అంటే నా బాధ్యతేమీ లేదు, అదే వచ్చి నా మీద పడింది. వచ్చి పడటం నిజమే. కానీ పడ్డాక ఇంటి పెత్తనం దాని చేతికి ఇచ్చేది మనమే.

ఇందులో నేను ఆరితేరానని చెప్పను. చాలాసార్లు తప్పటడుగులు వేసి, తల బొప్పి కట్టించుకుని నేర్చుకున్న పద్ధతి ఇది. వరుసగా రాస్తున్నాను, కానీ ప్రతి రోజూ అన్ని మెట్లూ ఎక్కాల్సిన పనిలేదు. కొన్ని విషయాలు రెండో మెట్టు దగ్గరే తేలిపోతాయి.

ముందుగా ఒక మాట: భావం పాపం కాదు

భావాలంటే ఆత్మీయ జీవితానికి శత్రువులని కొందరు చెబుతారు, నాకది మింగుడుపడదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడి విషయంలో ఎదుటివాళ్లు నోరు మెదపకపోతే కోపంతో వాళ్ల వైపు చూశాడని మార్కు 3:5లో ఉంది. కీర్తనలు 150 ఉంటే వాటిలో ఏడుపు, భయం, ఫిర్యాదు ఉన్నవి బోలెడు. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగిసిపోతుంది, చివర్లో ఒక్క స్తోత్రం కూడా ఉండదు. "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని ఎఫెసీ 4:26 అంటోందంటే కోపం ఒకటి, పాపం ఇంకొకటి.

పంటి నొప్పి లాంటిదే భావం. నొప్పి అబద్ధం చెప్పదు, లోపల ఏదో తేడా ఉందని చెబుతుంది. కానీ ఏ పన్ను పీకాలో తేల్చాల్సింది నొప్పి కాదు. ఒక్కోసారి పాడైంది కింది పన్ను అయితే పై పన్ను లాగుతున్నట్టు ఉంటుంది కూడా. "హృదయము అన్నిటికంటె మోసకరమైనది" అని యిర్మీయా 17:9 అనడం నాకు ఇలాగే అర్థమైంది. మనసు చెప్పేది వినాలి, విని పరీక్ష చేయించాలి.

1. దానికి సరైన పేరు పెట్టండి

"మూడ్ బాగోలేదు" అనేది పేరు కాదు. "టెన్షన్‌గా ఉంది" కూడా సగం పేరే. అవమానమా, అసూయా, భయమా, ఒంటరితనమా, ఉత్త అలసటా? ఒక కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాయండి: నాకు ఇలా ఉంది, ఎందుకంటే ఇది జరిగింది. "నాకు అసూయగా ఉంది, ఎందుకంటే నాకంటే వెనకొచ్చినవాడికి ప్రమోషన్ వచ్చింది." రాయడానికి చెయ్యి ఆడదు, నిజం. భక్తి గల మనిషి అసూయ అని రాసుకోవడమేంటి అనిపిస్తుంది.

73వ కీర్తన రాసిన ఆసాపు మందసం (దేవుని నిబంధన పెట్టె) ముందు పాడేవాళ్లకు నాయకుడు, ఈ రోజు లెక్కలో చెప్పాలంటే స్టేజీ మీద ఆరాధన నడిపించే మనిషి. ఆయన మూడో వచనంలోనే ఒప్పేసుకున్నాడు, భక్తిహీనుల క్షేమం కంటబడి మత్సరపడ్డానని. నేను పవిత్రంగా బతికింది దండగేనా అన్నంత దాకా వెళ్లాడు. కానీ 15వ వచనం చూడండి: ఇలాంటి మాటలు బయటికి మాట్లాడి ఉంటే దేవుని పిల్లలకు ద్రోహం చేసినవాణ్ని అయ్యేవాణ్ని అంటాడు. అంటే ఆ మాటలన్నీ ముందు దేవుని దగ్గర కుమ్మరించాడు, సంఘం ముందు కాదు. పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి అసలు సంగతి అర్థమయ్యాకే పాటగా రాసి అందరికీ ఇచ్చాడు. మనం తలకిందులుగా చేస్తాం, ముందు స్టేటస్, తర్వాత ప్రార్థన.

2. ఒళ్లు ఎలా ఉందో చూసుకోండి

ఈ మెట్టును ఆత్మీయం కాదని దాటేస్తారు. నా లెక్కలో సగం సమస్యలు ఇక్కడే తేలతాయి.

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూశాడు, వర్షం రావడం చూశాడు, అహాబు రాజు రథం ముందు పరుగెత్తాడు. ఆ వెంటనే రాణి యెజెబెలు నుంచి ఒక్క కబురు వస్తే ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎడారిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, నన్ను చంపేయమని దేవుణ్ని అడిగాడు. అప్పుడు దేవుడు ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత వేడి రొట్టె, నీళ్లు పంపించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టించాడు. అసలు మాట్లాడాల్సిన మాటలు 40 రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర.

అక్కడ కూడా ఏలీయా ఒకే పాట పాడాడు, "నేనొక్కడినే మిగిలాను" అని, రెండుసార్లు. తమాషా ఏంటంటే, 100 మంది ప్రవక్తల్ని గుహల్లో దాచి అన్నం పెట్టానని అహాబు ఇంటి అధికారి ఓబద్యా అంతకు ముందే ఆయనతో చెప్పాడు (1 రాజులు 18:13). చెవిన పడిన ఆ లెక్క కూడా నిరాశలో గుర్తు రాలేదు. దేవుడు చెప్పిన లెక్కయితే 7000. ఏలీయాకు అనిపించింది ఒకటి, ఉన్నది ఏడు వేలు. నాకు "ఎవరూ లేరు", "ఎప్పుడూ ఇంతే" అనే మాటలు నోటికొస్తే చాలు, ఈ లెక్క గుర్తు చేసుకుంటాను.

అందుకని, దేవుడు దూరమయ్యాడని తీర్మానించే ముందు చూసుకోండి: నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు? ఏమైనా తిన్నారా? జ్వరమా, నెలసరి రోజులా, వారం రోజులుగా ఆగకుండా పనా? ఇంకో సంగతి, ఇది గట్టిగానే చెబుతాను. వారాల తరబడి నిద్ర లేకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా, బతకాలని లేదనే ఆలోచనలు వస్తుంటే, ఈ రోజే నమ్మకమైన మనిషికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. విశ్వాసం తక్కువై వచ్చిన రోగమని ఎవరైనా అంటే బదరీ చెట్టు కింద రొట్టె గురించి చెప్పండి.

3. ఆగండి

చెప్పినంత తేలిక కాదు, అందుకే ఒక ఉదాహరణ.

మా సంఘంలో ఒక కార్యక్రమానికి ఏర్పాట్లన్నీ నేనే నెత్తినేసుకున్నాను. అంతా అయిపోయిన రోజు రాత్రి పదిన్నరకి వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇలా పెట్టాడు: "కొంతమందికి సేవ కంటే మైకు ముందు కనబడటమే ముఖ్యం." పేరు లేదు, పేరు అక్కర్లేదు కూడా. నేను జవాబు టైప్ చేయడం మొదలుపెట్టాను. పదిహేడు లైన్లు. మధ్యలో గలతీ పత్రికలోంచి ఒక వచనం కూడా, ఆయన మీదికి రాయిలా విసరడానికి. పంపే గుర్తు మీద వేలు ఉండగా, ఎందుకో ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చి పడుకున్నాను. పడుకున్నానే గానీ నిద్ర ఎక్కడిది, ఆ పదిహేడు లైన్లు బుర్రలో పాతిక అయ్యాయి. పొద్దున్నే తీసి చదువుకుంటే రెండో లైనుకే సిగ్గేసింది. చెరిపేశాను.

దావీదుకు ఇలాంటి రాత్రి 1 సమూయేలు 25లో వచ్చింది. నాబాలు అనే ధనవంతుడి గొర్రెల్ని అరణ్యంలో దావీదు మనుషులు కాపాడారు. కృతజ్ఞత ఆశించి మర్యాదగా అడిగితే "దావీదు ఎవడు? యెష్షయి కుమారుడెవడు?" అని తీసిపారేశాడు. దావీదు నడుముకి కత్తి కట్టాడు, 400 మందిని వెంటబెట్టుకుని బయలుదేరాడు, తెల్లారేసరికి ఆ ఇంట్లో మగవాడు ఒక్కడూ మిగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఇతగాడు ముందు అధ్యాయంలోనే తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజును గుహలో చేతికి చిక్కినా వదిలేసినవాడు! పెద్ద పరీక్షలో నెగ్గి, నోటిదురుసు మనిషి దగ్గర బోల్తా పడబోయాడు. నాబాలు భార్య అబీగయీలు గాడిదల మీద 200 రొట్టెలు, అంజూరపు పళ్ల ముద్దలు వేయించుకుని ఎదురొచ్చి, కాళ్ల మీద పడి, ఒక మాట అంది. రేపు మీరు ఇశ్రాయేలుకు అధిపతి అయ్యాక, అనవసరంగా రక్తం చిందించాననే బాధ మీ మనసులో ఉండకూడదు (25:31). కోపం ఈ రాత్రి మాత్రమే చూస్తుంటే ఆవిడ అతని రేపటిని చూసింది.

ఆ ప్రశ్నే మనమూ వేసుకోవచ్చు: ఈ పని చేస్తే ఐదేళ్ల తర్వాత ఇది గుర్తొచ్చినప్పుడు ఎలా ఉంటుంది?

ఎంతసేపు ఆగాలి అంటే విషయాన్ని బట్టి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఒక్క ఊపిరి తీసుకునేంత. అర్తహషస్త రాజు "నీకేం కావాలి" అని అడిగిన ప్రశ్నకీ, తన జవాబుకీ మధ్య ఉన్న సందులో నెహెమ్యా ప్రార్థన చేశాడు. కాకపోతే ఆ చిన్న ప్రార్థన వెనక కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, దాదాపు నాలుగు నెలల ప్రార్థన ఉంది. కోపంతో రాసిన మెసేజీకి ఒక రాత్రి. రాజీనామా, పెళ్లి సంబంధం, అప్పు లాంటివాటికి వారాలు. సంతోషంలో ఉన్నప్పుడు కూడా ఆగాలి, ఇది మర్చిపోతాం. ఒక కూటంలో గుండె కరిగిపోయి ఇచ్చిన మాటలు ఎన్ని నిలబెట్టుకోలేకపోయామో మనకే తెలుసు.

మరి "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్నారు కదా, రాత్రంతా ఆగితే ఎలా? ఆపమన్నది మెసేజీని. కోపాన్ని దేవుని దగ్గర ఆ రాత్రే దింపేయాలి. నెహెమ్యాకు పేదల గోడు విని బాగా కోపం వచ్చింది, ముందు తనలో తాను యోచించుకుని, అప్పుడు ప్రధానులను గద్దించాడు (5:6, 7). ఆగాడంటే వదిలేశాడని కాదు, తర్వాత నిలదీయాల్సిన వాళ్లను అందరి ముందే నిలదీశాడు.

4. దేవుడు ఈపాటికే చెప్పేశాడా చూడండి

చేతిలో ఉన్న విషయాన్ని రెండు కుప్పల్లో ఏదో ఒక దాంట్లో వేయండి. వాక్యంలో సూటిగా చెప్పేసినవి ఒక కుప్ప. చెప్పనివి, అంటే ఏ ఉద్యోగం, ఏ ఇల్లు, ఎవరితో పెళ్లి లాంటివి, రెండో కుప్ప.

మొదటి కుప్పలోవాటికి నడిపింపు అడగకండి. "క్షమించాలా వద్దా అని ప్రార్థనలో పెట్టాను" అంటాం. బిల్లులో లెక్క మార్చాలా వద్దా అని ప్రార్థన, పెళ్లయినవాళ్లతో చనువు పెంచుకోవడంలో తప్పుందా అని ప్రార్థన. వీటిలో అడగాల్సింది దారి కాదు, నడిచే బలం. అనుభవం మీద చెబుతున్నాను, తెలిసిన ఆజ్ఞ గురించి నేను ఎక్కువ ప్రార్థన చేస్తున్నానంటే వాయిదా వేస్తున్నానని అర్థం.

రెండో కుప్పలో కూడా అంతా ఖాళీ ఉండదు. దగ్గరి స్నేహితుడు అప్పుకి ష్యూరిటీ సంతకం పెట్టమన్నాడనుకోండి. జాలి ఉప్పెనలా వస్తుంది, కాదంటే ప్రేమ లేనివాళ్లం అవుతామేమో అనిపిస్తుంది. సామెతలు 6, 11, 22 అధ్యాయాలు మూడూ ఇదే సంగతి ఎత్తుతాయి, ఇంకొకరి అప్పుకి పూటపడితే నీ పరుపు కూడా పట్టుకుపోతారని 22:27 హెచ్చరిస్తుంది. అంటే సాయం చేయొద్దనా? కాదు. పోయినా ఫరవాలేదనుకున్నంత డబ్బు చేతిలో పెట్టొచ్చు. కట్టలేని మొత్తానికి సంతకం పెట్టడం జాలి చేసే పని, జ్ఞానం చేసే పని కాదు.

5. జ్ఞానం అడగండి, వాక్యాన్ని వాక్యంలా చదవండి

యాకోబు 1:5 ఒక ధైర్యం ఇస్తుంది: జ్ఞానం కొదువైతే అడగండి, ఆయన "ఎవనిని గద్దింపక" ధారాళంగా ఇస్తాడు. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అని ఆయన తిట్టడు. అడిగాక ఏం చేయాలి? కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి ఎక్కడ వేలు పడితే అది దేవుని మాట అనుకోవడం మానేయాలి. వేలు ఎక్కడ పడినా, మనసులో ఉన్నదానికి సరిపోయేదాకా తిప్పుతూనే ఉంటాం కదా.

సామెతలు 31 అధ్యాయాలు. తేదీకి ఒకటి చొప్పున నెలకోసారి చదివితే, అవసరం వచ్చిన రోజు వెతుక్కోనక్కర్లేదు, మాట నోటి దగ్గరే ఉంటుంది. సామెతలు 26:4 మూర్ఖుడికి జవాబియ్యొద్దంటుంది, పక్కనే 26:5 ఇవ్వమంటుంది. పొరపాటేమీ లేదు. ఎప్పుడు ఏది అన్నది తెలియడమే జ్ఞానం, అది నెలల తరబడి చదివితే గానీ రాదు.

ఇంకా, వచనం చుట్టూ ఉన్నది చదవండి. యిర్మీయా 29:11 మనకు ఎంత ఇష్టమో చెప్పనక్కర్లేదు, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". దానికి ముందు వచనంలో ఏముంది? 70 సంవత్సరాలు. ఇది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, అంటే ఇప్పట్లో తిరిగి రారు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త యెహోవా పేరు చెప్పే రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? "ఆమేన్, యెహోవా అలాగే చేయాలి" అన్నాడు. ఆయనకూ అదే ఇష్టం! కానీ తన కోరికని దేవుని మాటతో కలపలేదు, తర్వాత హనన్యాతో నిన్ను యెహోవా పంపలేదని ముఖం మీదే చెప్పాడు. ఆ రోజు జనంలో మనం ఉంటే ఎవరి ప్రవచనానికి గుండె పొంగేది? ఏడు పదులు చెప్పినవాడికా, రెండేళ్లు చెప్పినవాడికా?

నాకు ఈ అధ్యాయాలు చదివాక "వాగ్దానం వచ్చింది" అనే మాట వాడేముందు నోరు కాస్త తడబడుతుంది. తడబడటం మంచిదే.

6. "సమాధానం ఉంది", "తలుపు తెరుచుకుంది" అనేవాటిని పరీక్షించండి

ఈ రెండు మాటలతో మనం చాలా నిర్ణయాలకు ముద్ర వేసేస్తాం (సమాధానం అంటే ఇక్కడ మనశ్శాంతి). యోనాని చూడండి. దేవుడు నీనెవెకు వెళ్లమంటే వ్యతిరేక దిక్కుకి బయలుదేరాడు. యొప్పే రేవుకి వెళ్లేసరికి తర్షీషుకు పోయే ఓడ సిద్ధంగా ఉంది. చేతిలో కేవుకి, అంటే ఓడ చార్జీకి, డబ్బులున్నాయి. ఎక్కాడు. తుపాను లేచి ఓడవాళ్లంతా కేకలు పెడుతుంటే అడుగు భాగంలో గాఢ నిద్రలో ఉన్నాడు. తలుపు తెరుచుకుంది, డబ్బు సర్దుబాటైంది, మనసుకి హాయిగా ఉంది, ఒక్కటే లోపం, దేవుడు చెప్పింది అది కాదు.

ఇటు గెత్సేమనే తోటలో యేసు "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు, చెమట రక్తపు బొట్ల లాగా నేల మీద పడుతోంది. తండ్రి చిత్తానికి సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఆయన. లోకంలో ఆ రాత్రి అంత సరైన చోట ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు, ఆయనకి హాయిగా మాత్రం లేదు.

ముందు చెప్పిన దావీదు గుహలో, అంటే ఏన్గెదీ గుహలో కూడా ఇంతే. సౌలు ఒంటరిగా లోపలికి వచ్చాడు, దావీదు మనుషులు "యెహోవా చెప్పిన రోజు ఇదే" అని చెవిలో ఊదారు. పరిస్థితులన్నీ కలిసొచ్చాయి. దేవుడు అభిషేకించిన రాజు మీద చెయ్యి వేయకూడదని అప్పటికే తెలిసిన మాట ఆపింది.

కాబట్టి సమాధానం అసలు లెక్కలోకి రాదా అంటే, వస్తుంది. వాక్యం, లెక్కలు, పెద్దల సలహా అన్నీ ఒకవైపు ఉండి లోపల కలత మాత్రం తీరకపోతే ఇంకా ఆగి వెతకండి, ఏదో చూడలేదేమో. కానీ అవన్నీ వద్దంటుంటే, నాకు సమాధానం ఉంది అన్న ఒక్క మాట మీద ముందుకెళ్లకండి.

7. సలహా అడగండి, కానీ ఎలా అడగాలో తెలిసి అడగండి

సొలొమోను కొడుకు రెహబాము, తండ్రి మోపిన బరువైన కాడి, చాకిరీ తగ్గించమని జనం అడిగితే మూడు రోజులు గడువు తీసుకున్నాడు. ఇంతవరకు బాగానే ఉంది. పెద్దలను అడిగాడు, తనతో పెరిగిన కుర్రాళ్లనూ అడిగాడు, చివరికి మనసుకి నచ్చిన జవాబు పట్టుకున్నాడు. పది గోత్రాలు చేజారాయి. సలహా అడగడం వేరు, మన మాటకి వంతపాడేవాళ్లను పోగేయడం వేరు.

కొన్ని పనికొచ్చే జాగ్రత్తలు. మీ నిర్ణయంతో లాభం గానీ నష్టం గానీ లేనివాళ్లను ఒకరినైనా అడగండి. కథ చెప్పేటప్పుడు మీకు వ్యతిరేకంగా ఉన్న ముక్కలు ముందు చెప్పండి, ఎందుకంటే ఒక పక్షమే వింటే అది న్యాయంగానే కనబడుతుందని సామెతలు 18:17లోనే ఉంది. "దేవుడు నాతో చెప్పాడు" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట అన్నాక ఎదుటివాళ్లు ఇంకేం మాట్లాడతారు పాపం, దేవుడి మీద వాదించలేరు కదా.

పాస్టర్ గారు చెప్పారంటే అది ఆఖరి మాటా? మందిరం కడతానని దావీదు అన్నప్పుడు నాతాను ప్రవక్త, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, యెహోవా నీకు తోడున్నాడన్నాడు. మంచి కోరిక, మంచి ప్రవక్త. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు, పొద్దున నాతాను వెనక్కి వచ్చి మాట మార్చుకున్నాడు. అలా మాట మార్చుకోగలిగిన పెద్దలు దొరికితే వదులుకోవద్దు.

8. అనిపించకపోయినా మొదలుపెట్టండి

ఇక్కడ అందరికీ ఒకే సందేహం: మనసులో లేకుండా చేస్తే వేషధారణ కాదా? యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ (మత్తయి 21) చూడండి. ద్రాక్షతోటకి వెళ్లి పని చెయ్యమంటే ఒకడు "పోను" అన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఇంకొకడు "అయ్యా, పోదును" అని వెళ్లలేదు. తండ్రి ఇష్టం చేసింది మొదటివాడే. లేని భావం ఉన్నట్టు నటించడం వేషధారణ. "ప్రభువా, నాకు ఇష్టం లేదు, అయినా నువ్వు చెప్పావు కాబట్టి వెళ్తున్నాను" అనడంలో నటన ఎక్కడుంది?

పని చిన్నదిగా ఉండాలి. గంట ప్రార్థన చేయాలనిపించకపోతే పది నిమిషాలు, ఒక కీర్తన పైకి చదవడం. భార్యాభర్తలు రెండు రోజులుగా మాట్లాడుకోకపోతే ముందు "తిన్నావా" అనే ఒక్క మాట. ఆ తర్వాత భావం రావచ్చు, రాకపోవచ్చు. నాకు చాలాసార్లు ఆలస్యంగా వచ్చింది, కొన్నిసార్లు అసలు రాలేదు, పని మాత్రం అయింది.

క్షమాపణ విషయంలో ఒక హద్దు చెప్పాలి. క్షమించడమంటే మళ్లీ దెబ్బ తినడానికి అదే చోట నిలబడటం కాదు. గుహ బయట సౌలు ఏడ్చి, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. దావీదు పగ తీర్చుకోలేదు, ఒట్టు కూడా వేశాడు. కానీ సౌలు ఇంటికి పోతే దావీదు తన వాళ్లతో కొండ స్థలానికే వెళ్లిపోయాడు (1 సమూయేలు 24:22), వెంట అంతఃపురానికి వెళ్లలేదు. ఇంట్లో కొట్టే మనిషి ఉన్న ఆడమనిషికి "ఓర్చుకో, క్షమించు" అని మాత్రమే చెప్పి పంపేవాళ్లు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

9. రాసిపెట్టుకోండి

ఖరీదైన డైరీ అక్కర్లేదు. తేదీ, ఏం అనిపించింది, ఏం చేశాను, తర్వాత ఏమైంది, నాలుగు ముక్కలు. రెండు నెలలకోసారి వెనక్కి తిప్పితే మీ మనసు ఏ విషయాల్లో ఎక్కువ మోసం చేస్తుందో తెలిసిపోతుంది. నాకు రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఆలోచనలు దాదాపు అన్నీ చెత్తవే అని ఇలాగే తెలిసింది. మేలు కీడులు వివేచించడం "అభ్యాసముచేత" వస్తుందని హెబ్రీ 5:14 అంటుంది. అభ్యాసంలో తప్పులు ఉంటాయి. దూరదేశం వాళ్లమని చెప్పుకుని వచ్చిన పొరుగువాళ్లు గిబియోనీయుల ఎండు రొట్టెలు, పాత చెప్పులు చూసి, యెహోషువ వాళ్లు యెహోవాను అడక్కుండా ప్రమాణం చేసేశారు. మూడు రోజులకే మోసం బయటపడింది. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. తప్పుడు నిర్ణయం తీసుకున్నారని తెలిస్తే అక్కడి నుంచి నిజాయితీగా నడవండి, ఇంకో భావంతో దాన్ని చెరిపేయాలని చూడకండి.

ఆ పదిహేడు లైన్ల రాత్రి నా పుస్తకంలో ఉన్నది ఇంతే: "కోపం. అవమానం. పంపలేదు." రెండు రోజుల తర్వాత ఆయనకు ఫోన్ చేశాను, పది నిమిషాలు మాట్లాడుకున్నాం, అందులో సగం మౌనమే. ఆ రోజు తేదీ కింద ఇంకో లైను ఉంది. "ఆయన అన్న తీరు తప్పు. మైకు సంగతి మాత్రం సగం నిజమే."